కెప్టెన్ ఫిన్నె వేసిన మలుపులు

ఆర్ అండ్ బీలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందుకే నార్వే రాజధాని ఓస్లోలో ఉండే మా అబ్బాయి "నాన్నా, ఫ్లామ్ రైలుకీ ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) బోటుకీ టికెట్లు తీస్తున్నా" అంటే, "అవి సరే, పాత రోడ్లేమైనా ఉన్నాయేమో చూడు" అన్నాను. మా ఆవిడ నుదురు కొట్టుకుంది. వాడు మాత్రం ఓపిగ్గా వెతికి, సెలవు పెట్టి, కారు అద్దెకు తీసుకుని నాలుగు రోజులు తిప్పాడు.

మొదటి రోజు ఊళ్లోనే, బోగ్‌స్టాడ్ బంగళా. మెట్రో 2వ లైన్‌లో రోఆ దాకా వెళ్లి, అక్కడ సోర్కెడాలెన్ వైపు బస్సెక్కితే కాసేపట్లో దింపుతుంది. చెరువు గట్టున తెల్లటి పెద్ద లోగిలి, చుట్టూ ఇంగ్లిష్ పద్ధతిలో పెంచిన తోట. ఇది పేడర్ ఆంకర్ (1749–1824) ఇల్లు. అడవులు, ఇనుప కార్ఖానాలు ఉన్న జమీందారు. 1814లో ఐడ్స్‌వోల్‌లో నార్వే రాజ్యాంగం రాసుకున్న సభకు మొదటి అధ్యక్షుడు, ఆ తర్వాత, నార్వేకూ స్వీడన్‌కూ ఒకే రాజు ఉన్న రోజుల్లో, స్టాక్‌హోమ్‌లో రాజు దగ్గర కూర్చున్న నార్వే ప్రధాని. ఇవన్నీ గైడ్ చెప్తుంది. నాకు కావలసింది వేరే. దక్షిణ నార్వే రోడ్లన్నిటికీ పై అధికారి కూడా ఈయనే! సొంత ఇనుప కార్ఖానాల మధ్య బళ్లు తిరగడానికి అడవిలో ఒక రోడ్డు వేయించుకున్నాడు. ఆంకర్‌వేయెన్ అనే పేరుతో అందులో కొన్ని ముక్కలు ఇప్పటికీ నడకదారులుగా మిగిలాయి. రోడ్ల శాఖ పెద్దాయనకు సొంత సరుకు రవాణా కూడా ఉండటం... సరే, ఆ సంగతి మనకెందుకు.

బంగళా లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి, అదీ వాళ్లు పెట్టిన టైములకే. ముందు చూసుకోకుండా వెళ్తే వాకిట్లో ఆవుల్ని, గొర్రెల్ని చూసి తిరిగి రావాల్సిందే. వాకిలికి టికెట్టు లేదు, చిన్నపిల్లలుంటే అదే చాలు. లోపల బొమ్మలు, బల్లలు, అద్దాలు. బాగున్నాయి, కానీ గంట తర్వాత నాకు ఆవలింతలొచ్చాయి. మా ఆవిడకు మాత్రం ట్రిప్పు మొత్తంలో ఇదే నచ్చింది.

రెండో రోజు పొద్దున్నే లేర్దాల్ బయల్దేరాం. సుమారు 300 కిలోమీటర్లు, ఈ16 హైవే. ఫీలెఫ్యెల్ కొండలు దాటే ఈ దారి ఓస్లో, బెర్గెన్‌ల మధ్య పాత రాచబాట, వాళ్ల భాషలో కొంగెవేగెన్. 1647లో నార్వేలో తపాలా మొదలైనప్పుడు ఉత్తరాలు ఈ కొండల మీదుగానే వెళ్లాయి. గుర్రబ్బళ్లు నడిచే రోడ్డు మాత్రం 1790లలో గానీ పడలేదు. అప్పట్లో కొలతలు, లెవెళ్లు, మ్యాపులు తెలిసినవాళ్లు ఎక్కువగా సైన్యంలోనే ఉండేవారు. అందుకే రోడ్డు వెయ్యాలంటే కెప్టెన్‌నో లెఫ్టినెంట్‌నో పంపేవారు. రాళ్లు మోసింది మాత్రం చుట్టుపక్కల రైతులు. ఒక్కో కమతానికి ఇంత ముక్క అని పంచి, దాని మరమ్మతు వాళ్ల నెత్తినే పెట్టేవారు. ప్రయాణికులకు గుర్రాలు కట్టి దిగబెట్టడం కూడా వాళ్ల విధే. మనకు దీనికి మాట వెతుక్కోనక్కర్లేదు: వెట్టి.

రాత్రి బస ఏటి ఒడ్డున ఒక క్యాంపింగ్‌లో, చెక్క గుడిసెలో. హోటల్ గదితో పోలిస్తే సగం కన్నా తక్కువే. తీరా వెళ్లాక తెలిసింది, దుప్పట్లు, దిండు గలేబులు మనవే తెచ్చుకోవాలట! బుకింగ్ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది, మావాడు చూసుకోలేదు. అక్కడే అద్దెకు తీసుకుంటే తలకింత అన్నారు. ఖాళీ చేసేటప్పుడు గది మనమే ఊడ్చి తుడవాలి, లేదంటే దానికో రుసుము. బాత్రూం బయట, యాభై అడుగులు నడవాలి. అయినా రెండు పొయ్యిలు, ఓ చిన్న ఫ్రిజ్ ఉండటంతో మా ఆవిడ తెచ్చిన రైస్ కుక్కర్ అక్కరకొచ్చింది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. నార్వేలో శాకాహారులు బయట తిండి మీద ఆధారపడితే రొట్టె, జున్నుతో సరిపెట్టుకోవాలి, జేబుకూ చిల్లే.

మూడో రోజు బోర్గుండ్. అక్కడ 1180 ప్రాంతంలో కట్టిన చెక్క చర్చి ఉంది, కప్పు మీద డ్రాగన్ తలలతో. టూరిస్టు బస్సులన్నీ దీనికోసమే వస్తాయి. లోపల చీకటి, పావుగంటలో అయిపోతుంది. బయట చుట్టూ తిరిగి చూస్తేనే అందం. బస్సులో వచ్చినవాళ్లు ఫోటోలు దిగి ఎక్కేస్తున్నారు. పాత రాచబాట ఆ పక్కనే ఉందని వాళ్లకు తెలియదు.

ఆ రోడ్డు పేరు విండ్‌హెల్లా. 1793లో ఇక్కడ వేసిన రోడ్డు కొండ మీదికి ఇంచుమించు నిటారుగా ఎక్కేది. దూరం తక్కువైతే చాలు, వాలు ఎంతున్నా సరే అనే పాత ఆలోచన. గుర్రాలు చచ్చీచెడీ ఎక్కేవి. 1840లలో కెప్టెన్ ఫిన్నె అనే సైనికాధికారి వచ్చి అదే చోట మలుపులు తిప్పి, ఎత్తైన రాతిగోడలు కట్టించి, 1843కి పూర్తి చేశాడు. మన భాషలో చెప్పాలంటే హెయిర్‌పిన్ బెండ్లు, రిటైనింగ్ వాల్స్.

ఒక గోడ దగ్గర పావుగంట నిలబడిపోయాను. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. పెద్ద రాళ్లు కింద, వాటి సందుల్లో చిన్న చిప్పరాళ్లు బిగించారు. అరచేత్తో తడితే ఒక్కటి కదల్లేదు. నాచు పట్టింది, సందుల్లోంచి నీరు మెల్లగా కారుతోంది. గోడ వెనక నీరు నిలబడక పోవడమే దాని బలం. మేము కాంక్రీటు గోడలకు వీప్ హోల్స్ (వెనక నీరు బయటికి పోయే రంధ్రాలు) పెట్టించడానికి కాంట్రాక్టర్లతో ఎంత గొడవపడేవాళ్లమో గుర్తొచ్చింది. రోడ్డు వెడల్పు ఒక బండికి సరిపోయేంత. లోయ వైపు మోకాలెత్తు రాళ్లు వరసగా పాతారు. మా ఆవిడ వాటిలో ఒకదాని మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచింది.

ఇంత చేసినా వాలు ఎక్కువేనని 1870లలో కింద లోయలోంచి మరో రోడ్డు వేశారు. విండ్‌హెల్లా పశువులకు, నడిచేవాళ్లకు మిగిలిపోయింది. అలా పక్కనపడేయబట్టే చెక్కుచెదరలేదు. పునరుద్ధరించిన ఈ రాచబాటకు 2017లో యూరప్ వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. నడక సుమారు రెండు గంటలు, టికెట్టు లేదు, మనుషులూ పెద్దగా లేరు. పట్టున్న బూట్లు తప్పనిసరి, తడి రాయి జారుతుంది. రోడ్డు మీద ఒక్క కొట్టు లేదు, నీళ్లు మనవే.

అక్కణ్ణుంచి 24.5 కిలోమీటర్ల లేర్దాల్ టన్నెల్. ప్రపంచంలోనే పొడవైన రోడ్డు టన్నెల్, 2000లో తెరిచారు, టోల్ లేదు. డ్రైవర్లకు నిద్ర రాకుండా మధ్యలో మూడుచోట్ల గుహలా వెడల్పు చేసి నీలం దీపాలు పెట్టారు. గొప్ప ఇంజనీరింగే, కాదనను. ఇరవై నిమిషాల తర్వాత నాకు గుర్తున్నది ఆ నీలం రంగొక్కటే.

చివరి రోజు స్టాల్‌హైమ్. ఇక్కడ కొండ దిగే రోడ్డు కూడా ఫిన్నె కెప్టెన్ చేతిదే, 1842 నుంచి 1846 దాకా పట్టింది. 13 మలుపులు, అయిదు అడుగులకు ఒక అడుగు వాలు, రెండు పక్కలా రెండు జలపాతాలు. 2020 నుంచి బళ్లను ఆపేశారు, నడిచేవాళ్లకే. పైన ఒక హోటల్ ఉంది. జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ అస్తమానం వచ్చేవాడట. అక్కడి డాబా మీంచి కనిపించే లోయ కోసం కాఫీకి యాభై క్రోనర్ల పైన ఇచ్చినా నాకు బాధ అనిపించలేదు. మధ్యాహ్నం బస్సులు దిగాక మాత్రం నిలబడ్డానికి చోటుండదు, పదింటికల్లా వెళ్లాలి.

మోకాళ్ల సంగతి చూసుకుని, ఎక్కడం మానేసి దిగడమే పెట్టుకున్నాం. అబ్బాయి కారు తీసుకుని టన్నెళ్ల దారిలో కిందికి వెళ్లాడు. మేము మలుపులు లెక్కపెడుతూ దిగాం. కింద వాడు, "ఎన్ని నాన్నా?" అన్నాడు.

"పన్నెండే వచ్చాయిరా."

"పదమూడే," అంది మా ఆవిడ. "ఒకదాని దగ్గర మీరు గోడ తడుముతూ ఉండిపోయారు."

నాకు మళ్లీ పైకెళ్లి చూసుకోవాలని ఉంది. వాళ్లిద్దరూ అప్పటికే కారెక్కి తలుపులేసుకున్నారు.