వాకిట్లో పారిజాతమా, దేవగన్నేరా?

చలికి తట్టుకునే చిన్న పూలచెట్టు ఏదని ఊటీ వాళ్లు అడగాలి. మన నెల్లూరు, ఒంగోలు వైపు చెట్టుకు అసలు పరీక్ష రోహిణి కార్తె ఎండ, ఆపైన కార్తికంలో కమ్ముకొచ్చే వాయుగుండాలు. రేల పూత ఎంత అందమైనా చిన్న వాకిలికి మరీ పెద్ద చెట్టు. నేను పెంచి చూసినవి పారిజాతం, దేవగన్నేరు.

దేవగన్నేరు మెక్సికో వైపు నుంచి వచ్చింది, ఎండకు జంకదు. ఎవరి పెరట్లోనైనా మూరెడు కొమ్మ అడిగి తెచ్చుకుని, కోసిన చోట పాలు ఆరేలా వారం రోజులు నీడన ఉంచి పాతితే చాలు. కావలి పక్క ఇసుక నేలల్లో వేళ్లూనుకున్నాక నీళ్లు మరిచినా బతికేస్తుంది. చలికాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడితే కంగారు పడకండి, మళ్లీ చిగురిస్తుంది.

దానికి గిట్టనిది చెట్టు మొదలు దగ్గర నిలిచే నీరు. ఒంగోలు దగ్గర మాది నల్లరేగడి. ఒక నవంబరు వానలకు నాలుగు రోజులు నీరు ఇంకలేదు. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాండం మొదలు వేలితో నొక్కితే మాత్రం మగ్గిన అరటిపండులా లోపలికి దిగింది. పదిహేను రోజుల్లో చెట్టు ఒరిగిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పారిజాతానికీ నీరు నిలవకూడదు. అందుకే అదే చోట అడుగెత్తు దిబ్బ పోసి, ఇసుక కలిపి నాటాను. మొదటి రెండు వేసవుల్లో రోజు మార్చి రోజు రెండు బిందెలు పోశాను. ఆకు గరుకు, చూపుకు ఆనదు. గొంగళి పురుగులు పడతాయి, పిల్లలున్న ఇంట్లో కనిపెట్టుకుని ఉండాలి. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా, చేతికందే ఎత్తులో ఉంటుంది. చలిలోనూ దీనిదే పైచేయి: హిమాలయాల దిగువ కొండల్లోనూ పెరుగుతుంది. మంచు గడ్డకట్టే చోట దేవగన్నేరు నిలవదు.

ఏడాదిలో సగం రోజులు ఇంటికి తాళం వేసేవారు దేవగన్నేరే పెట్టుకోండి. ఇంట్లో మనుషులుంటే నా మాట పారిజాతం. రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలే పువ్వు అది. నేల రాలినా పూజకు పనికొస్తుంది. కార్తికంలో మా అమ్మ పడుకునే ముందు చెట్టు కింద పాత చీర పరుస్తుంది. పొద్దున్నే ఆ పూలు ఏరితే నారింజ రంగు కాడల తడి వేళ్లకు అంటుకుని ఉంటుంది. పూర్వం పట్టుబట్టలకు ఈ కాడల రంగు కూడా అద్దేవారు.