ఆరేళ్లు వాడాక: పూర్వ విద్యార్థుల సర్వేకు విడి లింకులు

పూర్వ విద్యార్థులకు ఏటా ఆన్‌లైన్ సర్వే పంపడం నా పని. ఆరేళ్లుగా ఒకే సర్వే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. దానికి డబ్బు కడుతున్నది ఒక్క సదుపాయం కోసమే: ఒక్కొక్కరికీ విడి లింకు.

అంతకుముందు అందరికీ ఒకే లింకు వెళ్లేది. రిమైండర్ పంపితే, అప్పటికే నింపినవాళ్లు "మొన్ననే నింపాను కదండీ" అని విసుక్కునేవారు. ఇప్పుడు నింపనివాళ్లకే వెళ్తుంది. సగంలో వదిలేసినవాళ్లకు ఆగిన చోటే తెరుచుకుంటుంది. జవాబులు పెరగడానికి ఇదే పెద్ద కారణం. లక్కీ డ్రా కూడా పెట్టి చూశాం, పెద్దగా తేడా లేదు.

అయితే విడి లింకుతో చిక్కులూ ఉన్నాయి. మొదటి ఏడాది మెయిల్‌లో "మీరెవరో మాకు తెలియదు" అని రాశాను. రిమైండర్ అందుకున్న ఒకాయన, "తెలియకపోతే నేను నింపలేదని ఎలా కనిపెట్టారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి "మీ వివరాలు బయటపెట్టం" అని మాత్రమే రాస్తున్నాను. ఇంకో ఏడాది ఒకావిడ మంచి మనసుతో తన లింకును బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. నొక్కినవాళ్లందరికీ "మీరు ఇప్పటికే నింపారు" అని వచ్చింది! ఇప్పుడు గ్రూపుల కోసం వేరే లింకు ఒకటి ఇస్తున్నాను. పాత క్లాస్‌మేట్ అడిగితే కదిలినంతగా ఆఫీసు మెయిల్‌కు ఎవరూ కదలరు మరి.

డ్యాష్‌బోర్డులో "తెరిచినవారు" అంకెను నమ్మొద్దు. 2021లో యాపిల్ మెయిల్‌లో కొత్త గోప్యతా సదుపాయం వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మనిషి మెయిల్ చూడకపోయినా తెరిచినట్టే లెక్క పడుతుంది. నేను క్లిక్‌లు, పూర్తయిన ఫారాలు మాత్రమే చూస్తాను.

మరో లోపం, గడుల పట్టిక ప్రశ్నలు. కంప్యూటర్లో చక్కగా కనిపిస్తాయి. నా ఫోన్లో తెరిస్తే "చాలా బాగుంది" అనే చివరి గడి తెర బయటికి పోయింది. పక్కకు జరిపితే గానీ కనిపించదు, అంత ఓపిక ఎవరికుంటుంది? పట్టికలన్నీ తీసేసి మామూలు ప్రశ్నలుగా మార్చాను. ఫోన్ నంబరు, చిరునామా అడిగేవి మొదట్లోంచి చివరికి నెట్టాను. "ఇప్పుడేం చేస్తున్నారు?" అన్నదే మొదటి ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ తీర్చలేనిది ఒకటుంది. మా జాబితాలో చాలావరకు కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీలే. చదువు అయిపోగానే వాటిని మూసేస్తారు. అందుకే ఇప్పుడు చివరి సెమిస్టర్లోనే, సర్టిఫికెట్ దరఖాస్తుతో పాటు సొంత మెయిల్ ఐడీ కూడా రాయించుకుంటున్నాం.