మా కోనసీమ ఇంట్లో ఆత్తంగుడి టైల్స్: కొన్ని వానాకాలాలు చూశాక

తమిళనాడులోని ఆత్తంగుడిలో చేత్తో చేసే ఈ సిమెంట్ టైల్స్ మీద నాకున్న ఇష్టమంతా అరికాళ్లలో ఉంది. రోహిణి కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం, హాల్లో చాపైనా పరుచుకోకుండా పడుకుంటే వీపుకి తెలిసే హాయి ఒకటుంది. ముందున్న విట్రిఫైడ్ టైల్స్ మీద చెమటకి ఒళ్లు అంటుకుపోయేది. వీటి మీద ఆ చిరాకు లేదు. పడ్డ ఇబ్బందులు కూడా రాస్తాను గానీ, నా మొగ్గు ఎటో ముందే తెలియాలని ఈ మాట.

కారైకుడి చుట్టుపక్కల చెట్టినాడు భవంతులు చూడ్డానికి వెళ్లినప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. బర్మా టేకు స్తంభాల దగ్గర, కోడిగుడ్డు తెల్లసొన కలిపి నునుపు తేల్చిన సున్నపు గోడల దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే నేను నేల చూస్తూ తిరిగాను. మధ్యలో వాకిలి, చుట్టూ వసారా. మన మండువా లోగిలికి దగ్గరి చుట్టంలా ఉంది ఆ కట్టుబడి. అక్కడ కుదిరిన నేల మా ఇంటికి ఎందుకు కుదరదు అనిపించింది. ఆత్తంగుడిలో చేసేచోటికీ వెళ్లాం. అద్దం పలక మీద ఇనుప చట్రం, అందులో పువ్వు అచ్చు. పనివాడు ఒక్కో గడిలో చిన్న గరిటెతో ఒక్కో రంగు సిమెంట్ పోసి, చెయ్యి వణక్కుండా అచ్చు పైకి తీస్తాడు. దాని మీద పొడి సిమెంటూ ఇసుకా చల్లి, ఆపైన తడి మాలు నింపుతాడు. ఆరాక నీళ్లలో నానబెడతారు. బట్టీ లేదు, కాల్చడం లేదు. అద్దం విడిపోయినప్పుడు దాని నునుపు టైలుకి అంటి ఉంటుంది.

ఇంటికొచ్చాక ఆ నునుపు ఇంకా పెరుగుతుంది. నన్ను కట్టిపడేసిన గుణం ఇదే. గుమ్మం నుంచి వంటింటి దాకా మేం రోజూ తిరిగే దారి ఇప్పుడు నిగనిగలాడుతోంది. మంచం కింద టైల్స్ మాత్రం వేసిన నాటి మాదిరే కాస్త మెరుపు తక్కువగా ఉన్నాయి. కొత్తలో ఊకతో రుద్దించాం, తర్వాత అప్పుడప్పుడూ గుడ్డకి నాలుగు చుక్కల కొబ్బరినూనె అద్ది తుడుస్తున్నాం. నూనెకి మాకేం కరువు! వేసిన ఏడాది బంధువులందరికీ "పనేం ఉండదు, తిరుగుతుంటే చాలు, అదే మెరుస్తుంది" అని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకి. దొడ్లోంచి ఇసుక కాళ్లతో లోపలికొచ్చే ఇళ్లలో రోజుకి రెండుసార్లు ఊడవాలి, లేకపోతే నునుపు బదులు గీతలు తేలతాయి.

ఇక ఉప్పు సంగతి.

మొదటి వానాకాలంలో హాలు ఉత్తరపు మూల తెల్లబడింది. ముసురు పట్టినన్నాళ్లూ టైల్స్ ముదురు రంగులో చెమ్మగా ఉండి, ముసురు విడిచి ఎండ కాసేసరికి ఎర్ర పువ్వుల మీద తెల్లటి పొడి లేచేది. వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. తుడిస్తే పోయేది, మర్నాటికి మళ్లీ హాజరు. టైల్స్ వేసిన మేస్త్రిని పిలిస్తే "యాసిడ్ కొడితే పోద్దండి" అన్నాడు. వద్దు బాబూ అంటున్నా, తలుపు వెనక ఒక టైలు మీద పోసి చూపించాడు. బుసబుసా నురగ వచ్చింది. నురగ కడిగాక ఉప్పూ లేదు, నునుపూ లేదు. పువ్వు రేకు మీద చెయ్యి పెడితే గరగరలాడింది. ఇవి సిమెంట్ టైల్స్, యాసిడ్ సిమెంట్‌ని తినేస్తుంది. ఆ టైలు ఇప్పటికీ అలాగే ఉంది. చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

తర్వాత పాలకొల్లు వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించాం. ఆయన టైల్స్ చూడకుండా ఇంటి చుట్టూ తిరిగి, వెనక పంటకాలువ చూసి, "కింద నుంచి వచ్చేదాన్ని పైన తుడిస్తే ఏం లాభం అండీ?" అన్నాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన పంటా పచ్చదనం ఈ కాలువల చలవే. కానీ జూన్‌లో నీళ్లు వదిలాక భూమిలో నీటిమట్టం కూడా పైకొస్తుంది, దానికి వానలు తోడు. ఆ చెమ్మ పునాదిలో పోసిన మట్టిలోంచి, ఇసుకలోంచి పైకి పాకుతుంది. దార్లో ఉన్న ఉప్పుని కరిగించి తెస్తుంది, టైలు పైకొచ్చి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ చెమ్మ మా కంటపడలేదు. ఆత్తంగుడి టైలు పీలుస్తుంది. వీపుకి హాయినిచ్చేదీ, ఉప్పు తెచ్చిపెట్టేదీ ఆ గుణమే.

వేసవిలో కాలువలు కట్టేశాక ఆ మూల విప్పించాం. ఉలితో అంచుల నుంచి మెల్లగా లేపినా కొన్ని విరిగాయి. కింద ఉన్న ఇసుక తీసేసి, కంకర పరిచి, దాని మీద మందపాటి పాలిథిన్ పట్టాని గోడ మీదికి జానెడు మడిచి వేసి, పైన కాంక్రీట్ పోసి, అది గట్టిపడ్డాక మళ్లీ టైల్స్ పరిచారు. ఆ మూలలో ఉప్పు మళ్లీ రాలేదు. మిగతా హాల్లో గోడల వెంట కార్తీకంలో కాస్త తేలుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే తడిగుడ్డ పెడతాం.

విరిగినవాటి బదులు తెప్పించిన టైల్స్‌లో ఎరుపు ఒక పిసరు తేడా వచ్చింది. రంగు చేత్తో కలిపేది కదా, ఒక దఫాకీ ఇంకో దఫాకీ అచ్చంగా కలవదు. వచ్చినవాళ్లెవరూ గుర్తుపట్టరు గానీ నాకు తెలుస్తుంది.

పసుపు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. కొత్తలో శ్రావణ శుక్రవారం గడపకి పసుపు రాస్తుంటే పక్క టైలు మీద చుక్కలు పడ్డాయి. కాసేపటికి చూస్తే ఎర్రగా మారాయి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టే, కొత్త సిమెంట్‌లో ఉండే సున్నం చేసిన పని అది. నెమ్మదిగా వెలిసిపోయింది. నిమ్మకాయ, చింతపండు పులుసు, ఆవకాయకి ముక్కలు కొట్టేటప్పుడు కారే మామిడి రసం మాత్రం వెలిసిపోయే మరకలు కావు, నునుపునే కొరికేస్తాయి. అందుకే వంటింట్లో గ్రానైటే ఉంచాం.

మా ఇంటి మట్టుకు ఇవి సరిపోయాయి. చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం, ఇంట్లో పాకే పిల్లలు లేరు, దులపడానికీ తుడవడానికీ నాకు ఓపికా తీరికా ఉన్నాయి. ఏటిగట్టు లోపల లంకల్లో, వరద ఇంట్లోకొచ్చే చోట ఉంటే మాత్రం వేసుకోమని చెప్పలేను. కాకినాడలోనో రాజమండ్రిలోనో పై అంతస్తు ఫ్లాటయితే నేల చెమ్మ బెడదే లేదు, కానీ టైలు ముప్పావు అంగుళం దాకా మందం, బరువు కూడా. తలుపుల కింద ఖాళీ కొలిపించుకోండి. పల్లంలో కొత్తగా ఇల్లు కడుతుంటే టైల్స్ ఎంచుకునే ముందే మేస్త్రితో పాలిథిన్ పట్టా, కంకర మాట తేల్చుకోండి. లారీకి ఎత్తించేటప్పుడే, ఒకే దఫాలో చేసినవి ఓ గదికి సరిపడా ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టుకోండి.