పిల్లల వీల్‌చెయిర్: ఎవరో వాడి ఇచ్చినదా, కొత్తదా?

ఖర్చు: వాడినది దాదాపు ఉచితం. కొత్తది భారమే, పైగా ఎదిగే పిల్లలకు కొన్నేళ్లకే ఇరుకైపోతుంది.

శ్రమ: కొత్తది కొలతలిచ్చి చేయిస్తే నెలలు పట్టొచ్చు. వాడినది వెంటనే దొరుకుతుంది, కానీ శుభ్రం చేసి, బోల్టులు బిగించి, బ్రేకులు సరిచూసుకోవాలి.

రిస్క్: అసలు చూడాల్సింది ఇక్కడే. బిడ్డను వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, మోకాలి వెనక భాగానికీ సీటు అంచుకూ మధ్య రెండు వేళ్లు పెట్టండి. దూరకపోతే సీటు లోతు ఎక్కువన్నట్టే; బిడ్డ ముందుకు జారిపోయి నడుము వంగిపోతుంది. పాదాలు గాల్లో వేలాడకూడదు. నొక్కితే మళ్లీ పైకి లేవని కుషన్ మార్చేయండి. స్పర్శ తెలియని పిల్లలకు దాని ఒత్తిడికి పుండు పడినా నొప్పి తెలియదు, మనకు చెప్పలేరు. ఫ్రేమ్ పగిలి ఉంటే ఉచితమైనా వద్దు.

వాకర్, బిడ్డను నిలబెట్టి ఉంచే స్టాండింగ్ ఫ్రేమ్‌లకు ఎత్తు మార్చుకునే వీలుంటే వాడినవే నయం. కాలిని సరిగ్గా పట్టి ఉంచడానికి అచ్చు తీసి చేసే స్ప్లింట్లు మాత్రం ఇంకొకరివి పనికిరావు.

వెన్ను వంకర ఉన్నా, మెడ నిలవకపోయినా కొలతలతో చేసిన కొత్తదే కావాలి. నిటారుగా కూర్చోగల బిడ్డకైతే వాడినది చాలు, ఫిజియోథెరపిస్ట్ ఒకసారి కూర్చోబెట్టి చూశాక.