సబ్సిడీ లోన్ ఇప్పిస్తానన్న కన్సల్టెంట్‌కి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

తెనాలిలో మాకు చిన్న పచ్చళ్ల యూనిట్ ఉంది. 2024 వేసవిలో 18 లక్షల లోన్‌తో దాన్ని పెంచుదామని, బిజినెస్ కన్సల్టెంట్‌నని వచ్చిన ఒకతన్ని పెట్టుకున్నాం. 35 శాతం సబ్సిడీ, 60 రోజుల్లో లోన్ గ్యారంటీ అన్నాడు. (లోన్ ఇచ్చేది బ్యాంకు. మధ్యలో ఇతని గ్యారంటీ ఏమిటని అప్పుడు తట్టలేదు.) అడ్వాన్స్ 40,000, లోన్ వచ్చాక 3 శాతం. పేరు రాయను గానీ ఇలాంటివాళ్లు చాలామంది తిరుగుతున్నారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి (చిన్న వ్యాపారాల్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం) విడిగా 3,500 తీసుకున్నాడు. అది ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. సబ్సిడీ మాట మాత్రం అబద్ధం కాదు. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ స్కీములో అప్పట్లో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఉండేది. కానీ ఆ దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు పనుల్లో సాయం చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరు ఉండేవారు, వాళ్లకు డబ్బిచ్చేది ప్రభుత్వమే. ఈ సంగతి నాకు బ్యాంకులో తెలిసింది, అదీ పరువు పోయాక.

మేనేజరు గారు మా రిపోర్టు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. "ఆవకాయకి జీడిపప్పు వేయించే మిషన్ ఎందుకమ్మా?" అన్నారు. తొంగిచూస్తే అది ఎవరిదో పలాస జీడిపప్పు యూనిట్ రిపోర్టు. అట్ట మీద మా పేరు వేసి, లోపల అలాగే వదిలేశాడు.

అసలు దెబ్బ జీఎస్టీలో తగిలింది. రిజిస్ట్రేషన్‌లో తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ పెట్టుకున్నాడు. నోటీసులన్నీ అతనికే వెళ్లాయి. నాలుగు నెలలుగా రిటర్న్ వేయలేదని, రోజుకు 50 రూపాయల లెక్కన లేట్ ఫీజు పడుతోందని మాకు తెలిసేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. కాగితాలు పట్టుకుని జీఎస్టీ ఆఫీసు చుట్టూ తిరిగి నంబరు మార్పించుకున్నాం. అడిగినప్పుడల్లా ఆధార్ ఓటీపీ చెప్పేసింది నేనే, ఆ తప్పు నాది.

ఇప్పుడు మా లెక్కలు ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి చూస్తున్నారు. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాసిచ్చారు. మొదటి రోజు స్కీముల ఊసే ఎత్తలేదు. "కిలో ఆవకాయకి మీకెంత పడుతోందమ్మా?" అని అడిగారు. కాయలు, నూనె, కారం, ఆవపిండి అని చెప్పుకుంటూ పోయాను. "సీసా? మూత? కొరియర్‌లో పగిలినవి? మీ కూలి?" అన్నారు. అన్నీ నోట్‌బుక్‌లో రాయించి చూస్తే అరకిలో సీసాకి మాకు మిగులుతున్నది 11 రూపాయలు! "18 లక్షల అప్పు ఇప్పుడొద్దు, ముందు రేటు సరిచేసుకోండి" అన్నారు. వద్దని చెప్తే ఆయనకొచ్చే లాభమేమీ లేదు. ఐదు నెలల్లో ఆ కన్సల్టెంట్ మా వంటశాలలోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు.

అడ్వాన్స్ వెనక్కి రాలేదు. ఫోన్‌పేలో కట్టినట్టు ఉంది గానీ అగ్రిమెంట్ లేదు. మీరూ రిజిస్ట్రేషన్లు ఇలా ఎవరితోనైనా చేయించి ఉంటే, ఈరోజే జీఎస్టీ పోర్టల్ తెరిచి అక్కడ ఎవరి నంబరు ఉందో చూసుకోండి.