డబుల్ బెడ్రూం ఇల్లు రివ్యూ: ఇంటికి నాలుగున్నర స్టార్లు, అడ్రస్‌కి రెండు

ఫోన్లకీ బిర్యానీ సెంటర్లకీ ఇంతింత రివ్యూలు రాస్తాం కదా, సర్కారు ఇచ్చే ఇంటికి ఎవ్వరూ రాయరేంటో. అందుకే రాస్తున్నా. ముందే చెప్తున్నా, ఇల్లు వచ్చింది నాకు కాదు, నేను హైదరాబాద్‌లో కిరాయి ఇంట్లోనే ఉన్నా. వచ్చింది మా ఇంట్లో పని చేసే అక్కకి. పదకొండేళ్ళుగా మా ఇంటికొస్తోంది, నా పెళ్ళికి ముందు నుంచీ. పాలు పొంగిస్తున్నాం సార్ మీరు రావాలె అని పిలిస్తే వెళ్ళి ఒక పూట ఉండి వచ్చేద్దాం అనుకున్నా, తీరా రాత్రి తొమ్మిది దాటాక తిరుగు బస్సు లేదన్నారు, ఆటో వాడు చెప్పిన రేటు వింటే అక్కడే పడుకోవడం నయం అనిపించింది. మర్నాడు ఆదివారం, మళ్ళీ ఉండమన్నారు, అట్లా రెండు రాత్రులు అయింది. కాలనీ పేరు రాయను. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, ఊరికి ఆ చివర అనుకోండి చాలు.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. పేదలకి డబుల్ బెడ్రూం ఇళ్ళు కట్టిచ్చే ఈ తెలంగాణ సర్కారు స్కీమ్ 2015 దసరాకి మొదలైంది. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు, రెండు బాత్రూములు. లబ్ధిదారు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీద, అమ్మడానికీ కిరాయికి ఇవ్వడానికీ లేదు. 2015లో కేంద్రం ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పేదల ఇంటికి పెట్టిన లెక్క 30 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, అంటే 320 అడుగుల పైచిలుకు. అది కార్పెట్ లెక్క, అంటే గోడలు తీసేసి లోపలి జాగా, ఇది ప్లింత్ లెక్క, అంటే గోడలతో కలిపి, రెండూ అచ్చంగా పోల్చలేం గానీ తేడా మాత్రం లోపల అడుగు పెట్టగానే తెలిసిపోతుంది.

ఇక ఇల్లు. నిజంగా బాగుంది. ఏదో సర్కారు ఇల్లు కదా అని నేను తక్కువ అంచనాతో వెళ్ళా, హాల్లో టైల్స్ చూసి మా కిరాయి ఇంటి గచ్చు గుర్తొచ్చి కాస్త కుళ్ళు పుట్టింది కూడా. కిటికీలు పెద్దవి, గాలి తోసుకొస్తోంది, తొమ్మిదో అంతస్తు కదా. వంటింట్లో గట్టు, సింకు, పైన సామాను పెట్టుకోడానికి అరలు. గోడలు నున్నగా లేవు, ఒక మూల స్విచ్ బోర్డు వంకరగా బిగించారు, తలుపు వానాకాలం ఉబ్బుతుందని అప్పుడే అర్థమైంది, ఇవన్నీ చిన్నవి. ఇరవై ఏళ్ళు ఒకే గదిలో, అదీ రేకుల కింద, నలుగురు ఉన్న కుటుంబం అది.

ఒక్కటి చూసి మాత్రం అలా నిలబడిపోయా. రెండో బాత్రూం తలుపు తీస్తే లోపల బియ్యం డ్రమ్ము, రెండు ప్లాస్టిక్ బిందెలు, పెళ్ళప్పటి ఇనప్పెట్టె, కమోడ్ మీద చెక్క పెట్టి దాని మీద పచ్చడి జాడీ. అదేంటక్కా అంటే, "ఒక్కింటికి రెండెందుకు సార్, బస్తీల ఇరవై ఇండ్లకు ఒక్కటుండె" అంది. దీన్ని ప్లస్ అనాలో మైనస్ అనాలో నాకైతే తెలియలేదు, ఆర్కిటెక్ట్ ఎవరైనా చదువుతుంటే స్టోర్ రూమ్ ఒకటి పెట్టండి బాబూ, పేదవాళ్ళ ఇళ్ళల్లోనే సామాను ఎక్కువ.

లిఫ్టు గురించి చెప్పాలి. రెండున్నాయి, ఒకటి పన్జేస్తోంది. ఆ ఒక్కటీ ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి ఆగింది. గ్యాస్ సిలిండర్ కుర్రాడు కింద నుంచి ఫోన్ చేసి పైకి తేనన్నాడు, వాడి తప్పు కూడా కాదు. నేనూ అక్క కొడుకూ చెరో పక్క పట్టుకుని తొమ్మిది అంతస్తులు మోశాం, ఆరో అంతస్తు దగ్గర కూర్చుంటే అక్కడి ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, ఇది మాకు వారానికి రెండుసార్లు అంది నవ్వుతూ. మెయింటెనెన్స్ ఎవరిది అని అడిగితే నలుగురు నాలుగు చెప్పారు. కింద షాపులు కట్టారు, వాటి కిరాయిలతో లిఫ్టులూ మోటార్లూ నడపాలని ప్లాన్ అట, మంచి ప్లానే, కానీ నేను చూసిన రోజు రెండు కిరాణాలూ ఒక జిరాక్సూ తప్ప మిగతా షట్టర్లన్నీ దించే ఉన్నాయి. షాపుకి గిరాకీ కావాలంటే జనం చేతిలో డబ్బులు ఆడాలి, డబ్బులు ఆడాలంటే పని ఉండాలి, పని ఎక్కడుంది? ఊళ్ళో ఉంది. అదీ అసలు గొడవ.

ఇంటికి నాలుగున్నర స్టార్లు ఇచ్చేశా. ఇప్పుడు అడ్రస్.

అక్కకి మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ళు, పక్క వీధిలో రెండు. పొద్దున ఏడుకి మొదటి ఇంట్లో గిన్నెలు. ఇదివరకు బస్తీ నుంచి నడిచి పది నిమిషాలు. ఇప్పుడు నాలుగున్నరకి లేవాలి, కాలనీ గేటు దాకా నడవాలి, అక్కణ్ణుంచి బస్సు, మధ్యలో దిగి ఇంకో బస్సు, అదృష్టం బాగుంటే గంటా యాభై నిమిషాలు. డబ్బులు కావు, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ కదా, కాబట్టి పైకి చూస్తే ఖర్చు సున్నా. రోజుకి నాలుగు గంటలు ఏ ఖాతాలో రాస్తారు మరి. రెండిళ్ళు ఇప్పటికే మానేసింది, ఒకావిడ లేటుగా వస్తున్నావని తీసేసింది. నేనడిగా, అక్కడే దగ్గర్లో ఏదైనా చూసుకోవచ్చు కదా అని. "ఈడ అందరం గిన్నెలు తోమేటోళ్ళమే సార్, ఎవరి గిన్నెలు ఎవరు తోమాలె" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అన్నీ ఇట్లాగే కట్టారా అంటే కాదు, అందుకే నాకు ఎక్కువ మండుతుంది. మొట్టమొదట కట్టింది బోయిగూడ ఐడీహెచ్ కాలనీ, 396 ఇళ్ళు, పాత ఇళ్ళు పడగొట్టి అదే జాగాలో అదే మనుషులకి ఇచ్చారు, 2015లోనే. తర్వాత జియాగూడలో 840, ఖైరతాబాద్ ఇందిరానగర్‌లో 210. అక్కడి వాళ్ళకి ఇల్లు మారింది గానీ పని మారలేదు, పిల్లల బడి మారలేదు, అప్పిచ్చే కిరాణా కొట్టు మారలేదు. సిటీ నడిబొడ్డున చేయడం వచ్చని చేసి చూపించారు కదా, మరి మిగతావి ఊరి బయటికి ఎందుకెళ్ళాయి అంటే నాకు అర్థమైనంతలో రెండు కారణాలు. ఒకటి, ఖాళీ సర్కారు భూమి అక్కడే ఉంది. రెండు, బస్తీలో కట్టాలంటే ముందు ఉన్నవాళ్ళని ఒప్పించి ఏడాదో రెండేళ్ళో వేరే చోట కిరాయికి పంపి కట్టి మళ్ళీ పిలవాలి, ఆ రెండేళ్ళు నాలుగవుతాయని వాళ్ళ భయం, ఆ భయం ఊరికే రాలేదు. సిటీకి లక్ష ఇళ్ళు అని టార్గెట్ పెట్టుకున్నాక అంకె నిండాలంటే ఊరి బయట కొల్లూరు లాంటివే దిక్కు. 2023 జూన్‌లో ఓపెన్ చేశారు, 145 ఎకరాల్లో 117 బ్లాకులు, 15,660 ఇళ్ళు. ఒక్క చోట అన్ని ఇళ్ళంటే చిన్న టౌన్ లెక్క, బడీ ఆసుపత్రీ బస్ డిపో పనులూ అన్నీ ఇళ్ళతో పాటే లేవాలి. ఇళ్ళు ముందు లేస్తాయి, మిగతావి నడుచుకుంటూ వస్తాయి.

అలాట్‌మెంట్ ప్రాసెస్‌కి మూడున్నర ఇస్తా. అప్లికేషన్లు లక్షల్లో, ఇళ్ళు ఒక లక్ష, కాబట్టి కంప్యూటర్ డ్రా. మా అక్క పేరు రావడానికి ఎవరికీ పైసా ఇవ్వలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు, మెసేజ్ వచ్చింది అంతే, ఇది నేను దగ్గరుండి చూశా కాబట్టి రాస్తున్నా. ఒకటిన్నర ఎందుకు కోశానంటే డ్రాలో మనిషి పేరు వస్తుంది గానీ మనిషి ఎక్కడ పని చేస్తుందో రాదు. ఉత్తరం వైపు పని చేసేవాళ్ళకి పడమర ఇల్లు, పడమర వాళ్ళకి ఇంకెక్కడో. పేర్లన్నీ ఒక డబ్బాలో వేసి కలిపేశాక ఏ పేరు ఏ దిక్కుకి పడుతుందో ఎవరికి తెలుసు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. అసలు ఇల్లే లేనివాళ్ళకి ఈ స్కీమ్ అందలేదు. అప్లై చేయాలంటే ఆహార భద్రత కార్డు అడిగారు, కార్డుకి అడ్రస్ కావాలి, ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి అడ్రస్ ఎక్కణ్ణుంచి వస్తుంది. వాళ్ళకున్నది నైట్ షెల్టర్. అది కూడా వాడి చూశా, కావాలని కాదు. రెండేళ్ళ కింద మా చిన్నాన్నని పెద్దాసుపత్రిలో వేస్తే రాత్రి వార్డులో అటెండెంట్లని ఉండనివ్వలేదు, సెక్యూరిటీ అతనే పక్కనే షెల్టర్ ఉంది పో అన్నాడు. మూడు రాత్రులు పడుకున్నా. ఫ్రీ. చాప, దుప్పటి, ఫ్యాను ఉన్నాయి. వేడినీళ్ళు లేవు, ఫోన్ చార్జింగ్‌కి ఒకే ప్లగ్గు, దానికి క్యూ. దుప్పటి వాసన గురించి రాయను. కానీ ఆ కేర్‌టేకర్ ఉన్నాడు చూడండి, రాత్రి రెండుకి తలుపు కొట్టినా విసుక్కోకుండా తీశాడు, రిజిస్టర్‌లో పేరు రాసి అన్నం తిన్నావా అని అడిగాడు. సగం మంది నాలాగ పేషెంట్ల తాలూకు, మిగతా సగం పక్కాగా అక్కడే ఉండేవాళ్ళు, పెళ్ళిళ్ళలో వడ్డించే కూలీలు, హమాలీలు, ఒక పెద్దాయన రోజూ తెల్లారగట్ల షేవింగ్ చేసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవాడు, ఎక్కడికో ఎవరికీ తెలీదు. నాలుగు స్టార్లు ఇస్తా దానికి, ఒకటే కారణం, ఉండాల్సిన చోట ఉంది.

రూల్ ప్రకారం లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి, 24 గంటలూ తెరిచి ఉండాలి, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. 2010లో సుప్రీం కోర్టు చెప్పాకే ఇది కదిలింది, 2013లో కేంద్రం స్కీమ్‌లో పెట్టారు. 2011 జనాభా లెక్కల్లోనే బల్దియా (హైదరాబాద్ కార్పొరేషన్) జనాభా 67 లక్షలు, అంటే 67 షెల్టర్లు. ఉన్నవి దానికి దరిదాపుల్లో లేవు. రాత్రి పదకొండు తర్వాత ఏదైనా ఫ్లైఓవర్ కింద నుంచి బండి మీద వెళ్ళండి, మిగతా షెల్టర్లు ఎక్కడున్నాయో కనపడతాయి.

ఆ జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళు అంటే ఎవరో ఒక వివరణ ఉంటుంది. ఫుట్‌పాత్‌ల మీద, హ్యూమ్ పైపుల్లో (పెద్ద సిమెంటు గొట్టాల్లో), ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ళ మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్ళు. 2011లో దేశం మొత్తం మీద 17.7 లక్షలు తేలారు, అందులో సగం పైన పట్టణాల్లోనే. ఇది నాకు ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అపార్ట్‌మెంట్‌లో మెట్ల కింద వాచ్‌మన్ సామాను పెట్టుకునే జాగా ఒకటుంది. రెండు నెలలుగా అక్క సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే పడుకుంటోంది. వాచ్‌మన్ భార్య ఒప్పుకుంది, అసోసియేషన్ వాళ్ళు చూసీ చూడనట్టు ఉన్నారు. మా ఇంట్లో పడుకో అక్కా అని మా ఆవిడ రెండుసార్లు అంది, అక్క నవ్వి ఊరుకుంది, మేం కూడా మూడోసారి అనలేదు. ఇంటి తాళంచెవి మాత్రం తాడుతో మెడలో, ఎప్పుడూ. శనివారం సాయంత్రం బియ్యం సంచీ కూరగాయలూ పట్టుకుని బస్సెక్కుతుంది.

ఈ ఆదివారం మళ్ళీ రమ్మంది. దేవుడి పటాలు ఇంకా నేల మీదే ఉన్నాయట, గోడకి మేకు దిగట్లేదట, డ్రిల్లింగ్ మిషన్ తెమ్మంది. లిఫ్టు పనిజేస్తోందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళాలి.