తాడోబాలో ‘పులి గ్యారంటీ, క్లోజప్ గ్యారంటీ’ అనే సఫారీ ప్యాకేజీలతో జాగ్రత్త

మనవాళ్లు బల్లార్షా రైలెక్కో, ఆదిలాబాద్ మీదుగా కార్లలోనో మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని తాడోబా పులుల అడవికి వెళ్తుంటారు. వాట్సాప్‌లో ఎవరైనా ‘పులి గ్యారంటీ, జీపు పక్కకే వస్తుంది’ అని ప్యాకేజీ పంపితే డబ్బు కట్టకండి. అడవిలో తిరిగే పులి ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదు. ఆ మాట నిలబెట్టుకోవాలంటే డ్రైవరు చేయగలిగింది ఒక్కటే, అది కనబడగానే జీపును దాని దారికి అడ్డంగా తోయడం.

జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాల ప్రకారం జంతువుకూ బండికీ మధ్య కనీసం 20 మీటర్లుండాలి. సఫారీకి వాడే జిప్సీ జీపు పొడవు సుమారు 4 మీటర్లు. అంటే ఐదు జిప్సీలు వరసగా పట్టేంత జాగా. ఒకే బాటలో వెళ్లే రెండు బండ్ల మధ్య 50 మీటర్లు.

ఇది పాటించకపోతే ఏమవుతుందో 2024 డిసెంబర్ 31న చూశాం. నాగ్‌పూర్ దగ్గరి ఉమ్రేడ్-పౌనీ-కర్హండ్లా అభయారణ్యంలో ఎఫ్2 అనే ఆడపులినీ దాని ఐదు పిల్లలనూ సఫారీ జీపులు చుట్టుముట్టాయి. వీడియో బయటికొచ్చాక బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి తనంతట తానే కేసు చేపట్టింది. డ్రైవర్లు, గైడ్లు సస్పెండయ్యారు, జరిమానాలు పడ్డాయి. కానీ ‘అన్నా, ఇంకొంచెం ముందుకు పోనీ’ అని టిప్పు ఆశ చూపేది మనమే. ఆ మాట నోట రానీయకండి.

పులి నీళ్లకో నీడకో బాట దాటాలనుకుంటుంది. ముందొక బండి, వెనకొక బండి ఆగితే దానికి మిగిలే దారి మీ జీపు పక్క నుంచే. జిప్సీకి పక్క అద్దాలుండవు, పైకప్పుండదు. పులి చెవులు వెనక్కి తిప్పి వాటి మీది తెల్లమచ్చలు మీకు కనబడేలా చేసినా, తోక విదిలించినా, ఒళ్లు నేలకానించి గుర్రుమన్నా దానికి మీరు బాగా దగ్గరయ్యారనే అర్థం. లేచి నిలబడొద్దు, అరవొద్దు, కిందికి దిగనే కూడదు. మెల్లగా బండి వెనక్కి తీయమని డ్రైవరుకు చెప్పండి. పిల్లల తల్లి అయితే ఆ గుర్తులేవీ కనబడక ముందే తీయించాలి.

మంచి గైడు చేసే పని వేరు. ఇంజను ఆపించి చెవి ఒగ్గుతాడు. ప్రమాదం పసిగట్టి చుక్కల దుప్పి గట్టిగా కూసినా, చెట్టెక్కిన కొండముచ్చు ఖక్‌మన్నా అది ఎటు తిరిగి చూస్తోందో గమనిస్తాడు. ఒక్కోసారి అరగంట కూర్చోబెట్టి, ఏమీ చూపించకుండానే తీసుకొస్తాడు. అతని మీద కోప్పడకండి.

ఇక డబ్బు సంగతి. జరిగే ఒక మోసం కోర్ (లోపలి అడవి) ధర తీసుకుని బఫర్ (దాని చుట్టూ ఉన్న అడవి) పర్మిట్ చేతిలో పెట్టడం. పర్మిట్‌లో గేటు పేరు చూడండి. మొహర్లీ, కోలారా, నవేగావ్, జరీ, పాంగ్డీ కోర్ గేట్లు. అగర్జరీ, దేవడా, జునోనా, అడేగావ్ బఫర్‌వి. రెండూ చూడదగ్గవే, ధరే వేరు. మంగళవారం కోర్ సెలవు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలకు మూసేస్తారు. ఆ రోజులకు కోర్ సీటు అమ్మితే అది నకిలీ. కోర్‌లోకి మొబైల్ అనుమతించరు కాబట్టి ‘దగ్గర్నుంచి రీల్స్ తీసుకోండి’ అన్నదీ అబద్ధమే, కెమెరా తీసుకెళ్లండి.

బుకింగ్ సైటు చిరునామా ‘గవ్ డాట్ ఇన్’తో ముగియాలి, అసలు పేరును పోలిన ప్రైవేటు సైట్లు ఉంటాయి. ఏజెంటు ద్వారా కొంటే అడ్వాన్సు ఇచ్చే ముందే మీ పేరు, ఐడీ నంబరు, తేదీ, గేటు ఉన్న పర్మిట్ అడగండి. గేటు దగ్గర ఒరిజినల్ ఐడీతో పోల్చి చూస్తారు. ఆ ధరలో జిప్సీ అద్దె, గైడు రుసుము కలిశాయో లేదో మెసేజ్‌లో రాయించుకోండి. నకిలీదని తేలితే ఆ మెసేజ్‌లు, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు తీసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేస్తే డబ్బు వేరే ఖాతాల్లోకి వెళ్లిపోతుంది.